జ్యోత్పత్తికి ముందు

త్రికోణమితి నేర్వబోవు విద్యార్థికి తొలి తడబాటు కలుగునది సాధారణముగా బీజగణితము కడనే. సైన్ వర్గమును కాస్ వర్గమును కలిపిన ఒకటి యగునని కంఠస్థము చేయుట కొక సాయంకాలము చాలును. ఆ ఒకటినుండి సైన్ వర్గమును తీసివేసి, శేషమును రెండు గుణకములుగా విడదీయుమన్నంతనే చేతిలోని కలము కదలదు. అప్పుడు ఉపాధ్యాయుడు నల్లబల్లమీది త్రిభుజమును తుడిచివేసి, రెండు రాశుల మొత్తమును వాని భేదముచేత గుణించిన వర్గాంతరము వచ్చునను పాతపాఠమును మరల నెత్తుకొనును. పాఠ్యప్రణాళిక వెనుకబడుచున్నదని అధికారులును, పిల్లలకు పునాది లేదని తల్లిదండ్రులును విసుగుకొందురు గాని, ఈ శాస్త్రముయొక్క పూర్వచరిత్ర మెఱిగినవారి కిందులో విసుగుకొనదగిన దేమియు కానరాదు. జ్యాగణితమునకు, అనగా సైన్ల లెక్కకు, ఆద్యులైన మహనీయులును ముందడుగు వేయవలసి వచ్చినపుడెల్ల వెనుకకు మరలి వర్గములను, మూలములను, అవ్యక్తరాశులను సరిచూచుకొనుచునే వచ్చిరి. వారి బీజగణిత మెచ్చట ఆగెనో వారి జ్యాపట్టికయు అచ్చటనే ఆగినది.

మన దేశమున ఈ కథకు లభించు తొలి స్పష్టమైన తేదీ క్రీ. శ. 499. కలియుగమున 3600 సంవత్సరములు గడచునప్పటికి తనకు 23 ఏండ్లని చెప్పుకొన్న ఆర్యభటుడు, తన గ్రంథమున గణితమునకు ప్రత్యేకించినది 33 పద్యములు మాత్రమే. ఆ పద్యముల కూర్పును నిదానముగా పరిశీలించినవారి కొక విశేషము గోచరించును. వర్గము, ఘనము, వర్గమూలము, ఘనమూలము ముందు చెప్పబడినవి, పిదప క్షేత్రఫలములు, అటుపిమ్మట 20,000 వ్యాసముగల వృత్తమునకు పరిధి ఆసన్నముగా 62,832 అను ప్రసిద్ధసూత్రము, దానివెంటనే జ్యానయనము. జ్యలు ముగిసినవి గదా, ఇక మూలపాఠములతో పనియేమి యని చదువరి యనుకొనునంతలో, 23, 24 పద్యములలో ఆయన మరల మొదటి మెట్టునకు దిగివచ్చి, రెండు రాశుల మొత్తముయొక్క వర్గమునుండి వాని వర్గముల మొత్తమును తీసివేసి సగము చేసిన గుణలబ్ధము వచ్చుననియు, గుణలబ్ధమును భేదమును తెలిసినపుడు గుణలబ్ధమును నాలుగింతలు చేసి భేదవర్గమును కలిపి మూలము తీసినచో ఆ రాశులు రెండును దొరకుననియు బోధించును.

ఆర్యభటుని గ్రంథమును వ్యాఖ్యానించిన మొదటి భాస్కరుడు దానిని అశ్మకతంత్రమని పేర్కొనుటచేత, ఆయనను అశ్మకదేశీయునిగా నెంచువారు కలరు. అశ్మకుల రాజధానియైన పౌదన్యపురము నేటి నిజామాబాదు జిల్లాలోని బోధను అని చరిత్రకారులలో పలువురి మతము. ఈ రెండింటిని ముడివేసి ఆర్యభటుడు మనవాడే యని పండుగ చేసికొనుట నాకంతగా సమ్మతము గాదు. తన గ్రంథమున ఆయన పేర్కొన్నది కుసుమపురమును.

ఆయన పట్టికలో వృత్తపాదమునకు 24 జ్యలు. పరిధిని 21,600 కలలుగా విభజించి, పైన చెప్పిన నిష్పత్తినిబట్టి లెక్కించినచో వ్యాసార్ధము 3438 కలలగును. 90 అంశలను 24 భాగములు చేయగా ఒక్కొక్క భాగము 225 కలలు, అనగా 3 అంశల 45 కలలు. చాపముయొక్క రెండు కొనలను కలుపు రేఖలో సగమును అర్ధచాపమునకు జ్యగాను, కేంద్రమునుండి ఆ రేఖవఱకు గల దూరమును కోటిజ్యగాను, రేఖనుండి చాపమధ్యమువఱకు మిగిలిన చిన్నతునకను ఉత్క్రమజ్య లేక శరముగాను గ్రహింపవలెను. జ్యను వ్యాసార్ధముచేత భాగించినచో అదియే నేటి సైన్. మొదటి జ్య 225, రెండవది 449, మూడవది 671, నాలుగవది 890. ఇట్లు పెరుగుచు పోయి కడపటి జ్య వ్యాసార్ధమే యగు 3438. ఆర్యభటుడు జ్యలను విడివిడిగా చెప్పక, వాని నడుమనుండు అంతరములను మాత్రమే అక్షరసంజ్ఞలతో ఒక్క పద్యమున ఇమిడ్చెను. 225, 224, 222, 219 అని మొదలై 22, 7 అని ముగియు ఆ వరుస పలుకుట కష్టము, ఒకసారి నోటికి వచ్చినపిదప మఱచుట అంతకన్న కష్టము.

ఈ సంఖ్యలు రాబట్టు త్రోవలలో మిక్కిలి సుగమమైనది సగము చేయుట. వృత్తమున షడ్భుజిని లిఖించినచో దాని భుజము వ్యాసార్ధమునకు సమానము. కావున 30 అంశల జ్య వ్యాసార్ధములో సగము, 1719. ఇది పట్టికలో ఎనిమిదవది. దీనినుండి నాలుగవదానిని, అనగా 15 అంశల జ్యను సాధింపవలయును. 3438 వర్గమునుండి 1719 వర్గమును తీసివేయగా వచ్చినది 88,64,883, దాని మూలము 2977 కంటె కొంచె మెక్కువ, అది కోటిజ్య. 3438 నుండి దానిని తీసివేసిన శరము 461. ఇప్పుడు 1719 వర్గము 29,54,961. 461 వర్గము 2,12,521. రెండును కలిపిన 31,67,482. దాని మూలము 1780 కి అతిసమీపము. అందులో సగము 890. పట్టికలో నాలుగవ స్థానమున నున్నదియు ఆ 890యే. దీనిని మరల సగము చేసిన 449, ఇంకొకసారి చేసిన 225. ప్రతి జ్యకును దాని కోటిజ్యను తీసికొనుచు, 45 అంశలనుండి వేఱొక శాఖను సాగించుచు పోయినచో 24 జ్యలును చేతికి వచ్చును.

వచ్చును గాని, చేయి నొప్పిపెట్టును. ఒక్కొక్క జ్యకు రెండు వర్గములు, ఒక సంకలనము, ఒక మూలము. కాగితములు లేని కాలమున పలకమీద చల్లిన ధూళిలో వ్రేలితో గీసి, చెఱిపి, మరల గీసి చేయవలసిన లెక్కలివి. రెండవ భాస్కరుడగు భాస్కరాచార్యుడు, జ్యలను పుట్టించు రీతిని తెలుపు తన జ్యోత్పత్తిప్రకరణమున ఈ విధానమును చెప్పి, దాని వెంబడినే వేఱొకటి చెప్పెను: వ్యాసార్ధమును శరముచేత గుణించి, సగము చేసి, మూలము తీసిన చాలును. 3438ని 461 చేత గుణించి సగము చేసిన 7,92,459, మూలము 890. రెండు వర్గములును తొలగిపోయి ఒక్క గుణకారము మిగిలినది. ఇది ఎట్లు పొసగెనో చూడవలెనన్న బీజగణితమునకు పోక తప్పదు. శరమనగా వ్యాసార్ధమునుండి కోటిజ్యను తీసివేసిన శేషము. ఆ శేషమును వర్గించినచో వ్యాసార్ధవర్గము, కోటిజ్యావర్గము, వానినుండి తీసివేయవలసిన వ్యాసార్ధకోటిజ్యల గుణలబ్ధమునకు రెట్టింపు, ఈ మూడు పదములు వచ్చును. వీనికి జ్యావర్గమును చేర్చగా, జ్యావర్గ కోటిజ్యావర్గములు రెండును కలిసి మఱియొక వ్యాసార్ధవర్గమగును. అనగా రెండు వ్యాసార్ధవర్గములనుండి ఆ రెట్టింపు గుణలబ్ధము తీసివేయబడినది. రెట్టింపు వ్యాసార్ధమును సామాన్యగుణకముగా వెలికితీసినచో లోపల మిగులునది వ్యాసార్ధమునుండి కోటిజ్యను తీసివేసిన శేషము, అనగా మరల ఆ శరమే. ఉన్నతపాఠశాలలో బాలురు ఏ వర్గవిస్తరణమును ఇది మనకెందుకని గొణుగుచు వల్లెవేయుదురో, ఆ విస్తరణమే జ్యాపట్టిక కట్టు గణకుని పనిలో సగపాలు తగ్గించినది.

ఇంతకన్న చమత్కారమైన సూత్ర మొకటి ఏడవ శతాబ్దమున మొదటి భాస్కరుని మహాభాస్కరీయమున కలదు. దానికి పట్టికయే అక్కఱలేదు. ఇచ్చిన అంశలను 180 నుండి తీసివేసి, శేషమును ఆ అంశలచేతనే గుణించి, వచ్చినదానిని ఒకచోట నుంచుకొనవలెను. దానికి నాలుగింతలు లవము, 40,500 నుండి దానిని తీసివేసిన శేషము హారము. 30 అంశలకు చూడుడు: 150ని 30 చేత గుణించిన 4500, లవము 18,000, హారము 36,000, ఫలము సరిగా సగము. 90 అంశలకు సరిగా ఒకటి. 60 అంశలకు నిజమైనది 0.8660 కాగా ఈ సూత్రమిచ్చునది 0.8649. వృత్తరేఖను ఒక భిన్నముచేత ఇంత దగ్గరగా అనుకరింపవచ్చునని ఆయనకు తోచుట ఎట్టి ఊహయో గాని, ఆ ఊహ బీజగణితపు మడిలో మొలచినదే.

ఇక 1114లో జన్మించి 1150లో సిద్ధాంతశిరోమణిని రచించిన భాస్కరాచార్యుని కడకు వచ్చినచో, మన విషయమునకు కావలసినదంతయు ఒక్క గ్రంథమున ప్రోగై యుండును. లీలావతి, బీజగణితము, గ్రహగణితము, గోలాధ్యాయము అను నాలుగు భాగములు. జ్యోత్పత్తి గోలాధ్యాయముతుదను వచ్చును. అది తెలిసినవానికే ఆచార్యపదవి యని ఆయన చెప్పుకొన్నాడు. ఆచార్యులు తమ విద్యను గూర్చి ఇట్లు చెప్పుకొనుట క్రొత్తగాదు గాని, ఈ సందర్భమున ఆ మాట అతిశయోక్తి యని త్రోసివేయుటకు నాకు మనసొప్పదు. ఆయన మనుమడు చాంగదేవుడు యాదవ సింఘణుని ఆస్థానజ్యోతిషికుడై, తాతగారి గ్రంథములను చదివించుటకై ఖానదేశములోని పాటణమున ఒక మఠమును స్థాపించెను. ఆ మఠమునకు నికుంభవంశీయుడగు సోయిదేవుడు 1207లో చేసిన దానమును తెలుపు శాసన మచటనే దొరకినది. లీలావతి యను కూతురు, ఘటికాయంత్రమున పడిన ముత్యము, తప్పిపోయిన ముహూర్తము, ఇవన్నియు పారసీకానువాదమువలన ప్రచారమునకు వచ్చిన కథలు. వానితో మనకు పనిలేదు.

లీలావతిలోని ఒక చిన్న లెక్క మాత్రము ఇచట వివరింపదగినది. వృత్తముయొక్క వ్యాసము 10, అందలి పూర్ణజ్య 6; శరమెంత? భాస్కరుని విధానము: వ్యాసమును పూర్ణజ్యను కలిపిన 16, తీసివేసిన 4, రెండింటిని గుణించిన 64, మూలము 8, వ్యాసము 10 నుండి 8 తీసివేసి సగము చేసిన 1. శరము ఒకటి. ఇందు రెండు బీజగణితపాఠములు దాగియున్నవి. వృత్తమున పూర్ణజ్యకు ఇరుప్రక్కలనున్న శరముల గుణలబ్ధము అర్ధజ్యావర్గమునకు సమానమని ఆర్యభటుడు ముందే చెప్పియుండెను. శరములు రెండును కలిసిన వ్యాసము. కావున మొత్తము 10, గుణలబ్ధము 9 అగు రెండు రాశులను కనుగొనవలయును, అనగా ఇది వర్గసమీకరణమే. మొత్తముయొక్క వర్గమునుండి గుణలబ్ధమునకు నాలుగింతలను తీసివేసిన భేదవర్గమగును; 100 నుండి 36 తీసివేసిన 64. ఆ 64ను వర్గములు కట్టకుండ 16ను 4చేత గుణించి తెచ్చుట రెండవ పాఠము. విద్యార్థి ఒకటినుండి సైన్ వర్గమును తీసివేసి రెండు గుణకములు చేయలేక నిలిచిపోయిన తావు ఇదియే గదా!

భాస్కరుని బీజగణితము ధనఋణములతో మొదలగును. పిదప శూన్యము, అవ్యక్తములు, కరణులు, వీనికి సంకలనాదిక్రియలారును వరుసగా చెప్పబడును. సమీకరణములు చాలదూరమున వచ్చును. మూలము పూర్ణముగా తీయవీలులేని రాశులను కూడుట, తీసివేయుట, వర్గించుట గూర్చిన ఆ కరణీప్రకరణము విద్యార్థులకు వట్టి కసరత్తుగా తోచును. కాని గోలాధ్యాయము తుదికి వచ్చి 18 అంశల జ్యను అడిగినచో, సమాధానము కరణిరూపముననే వచ్చును: వ్యాసార్ధవర్గమును 5చేత గుణించి మూలము తీసి, అందుండి వ్యాసార్ధమును తీసివేసి, 4చేత భాగింపవలెను. వ్యాసార్ధము 3438 అయినచో ఇది 1062 కి కొంచె మెక్కువ. 36 అంశల జ్యకైతే మూలములో మఱియొక మూలము. సగము చేయుచు పోయినంతకాలము దొరకని 18 అంశలు, దశభుజి భుజమును అవ్యక్తముగా పెట్టి వర్గసమీకరణమును సాధించినవెంటనే దొరకుచున్నవి. 15 అంశల జ్య ముందే యున్నది; చాపముల యోగవియోగములకు జ్యలు తీయు సూత్రమును భాస్కరుడు చెప్పియే యున్నాడు; కావున 3 అంశలు చేతికి వచ్చినవి, దానిని సగము చేసిన ఒకటిన్నర అంశ.

కాని ఒక్క అంశ రాదు. ఇక్కడనే ఈ చరిత్రములో నాకు మిక్కిలి రుచించు ఘట్టము మొదలగును. రెండవ శతాబ్దమున అలెగ్జాండ్రియాలోని టాలమీ వృత్తజ్యలకు అరయంశ కొకటి చొప్పున పట్టిక కట్టుచు, 12 అంశలనుండి సగము చేసికొనుచు వచ్చి, ఒకటిన్నర అంశ, ముప్పాతిక అంశ చేరి, నడుమనున్న ఒక్క అంశ రేఖాగణితముచేత దొరకదని స్పష్టముగా చెప్పి, పైది క్రిందిది రెండింటినడుమ దానిని బిగించి ఆసన్నవిలువతో తృప్తిపడెను. భాస్కరాచార్యుడును అంశకొక జ్య చొప్పున 90 జ్యలు సాధించుటకు, జ్యలో 6569వ పాలును తగ్గించి కోటిజ్యను 10చేత గుణించి 573చేత భాగించి కలుపుమను చక్కని ఆసన్నసూత్రమును చెప్పెను. చక్కనిదే, కాని ఆసన్నము. దీనికి కారణ మిరువురిలో ఎవరి లోపమును గాదు. చాపమును మూడుభాగములు చేయుట ఘనసమీకరణము. వర్గమూలములు మాత్రమే చేతిలోనున్నవానికి అది లొంగదు.

సమర్ఖండులో ఉలూగ్ బేగ్ వేధశాలయందు పనిచేసి 1429లో గతించిన అల్ కాషీ ఈ చిక్కును విప్పెను. ఒక అంశ జ్యను అవ్యక్తముగా తీసికొనెను. దానిని మూడింతలు చేసి, దాని ఘనమునకు నాలుగింతలను తీసివేసినచో మూడు అంశల జ్య వచ్చును (వ్యాసార్ధమును ఒకటిగా గ్రహించితిమి). కావున అవ్యక్తమనగా మూడు అంశల జ్యకు అవ్యక్తఘనము నాలుగింతలు కలిపి మూడుచేత భాగించినది. సమీకరణమునకు రెండువైపులను అవ్యక్తమే యున్నది గదా యని ఆయన వెనుదీయలేదు. కుడివైపున ఒక ఊహావిలువను పెట్టినచో ఎడమవైపున అంతకన్న మంచివిలువ వచ్చును; దానిని మరల కుడివైపున పెట్టవచ్చును. మనమును చూతము. మూడు అంశల సైన్ 0.05233596, అందులో మూడవవంతు 0.01744532. దీని ఘనమును నాలుగింతలు చేసి మూడుచేత భాగించి కలిపిన 0.01745240. నిజమైన విలువ 0.01745241. ఒక్క అడుగుతో ఎనిమిదవ దశాంశస్థానమున ఒక్క ఏకము మాత్రమే తక్కువైనది! అల్ కాషీ ఈ అడుగులను వేసికొనుచు పోయి, నేటి దశాంశరీతిని చెప్పవలెనన్న సుమారు 16 స్థానములవఱకు నిర్దుష్టమైన విలువను రాబట్టెను. 1658లో కాశియందు సిద్ధాంతతత్త్వవివేకమును రచించిన కమలాకరుని గ్రంథమునందును మూడింతల చాపముయొక్క జ్యకు సూత్రము కనబడును.

తెలుగుదేశమున గణితగ్రంథరచన పదునొకండవ శతాబ్దమున పావులూరి మల్లనతో ఆరంభమైనదని ప్రతీతి. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమునకు ఆయన చేసిన అనువాదము తెలుగున శాస్త్రకావ్యములకు తొలివరుసలోనిది. అయినను అది వర్తకునకు, కరణమునకు, క్షేత్రముల కొలుచువానికి పనికివచ్చు గణితము, సిద్ధాంతులకు కావలసిన జ్యాపట్టిక అందు వెదకరాదు. ఆ లోటు తీర్చవలసినది సూర్యసిద్ధాంతము. ఆ గ్రంథమునందలి జ్యలును 3438 వ్యాసార్ధమునకు చెప్పిన ఆ 24 జ్యలే. దానికి 1178 ప్రాంతమున మల్లికార్జునసూరి తెలుగున వ్యాఖ్య వ్రాసెను. తరతరములుగా మన పంచాంగకర్తలు గ్రహస్ఫుటములకై ఈ 24 సంఖ్యలనే ఆశ్రయించిరి. వారిలో పలువురికి పట్టిక కంఠస్థము. దానిని పుట్టించు ఉపపత్తి తెలిసినవారు కొందఱు. పట్టిక కంఠస్థమైయున్నంతకాలము పంచాంగమునకు వచ్చిన లోపమేమియు లేదు, నడుమచాపములకు త్రైరాశికము చాలును. అందుచేతనే ఉపపత్తిని అడుగువారు తగ్గిరని నాకు తోచును. అవసరము లేని ప్రశ్నను గురువునడిగి చీవాట్లు తినుట కెవ్వరిష్టపడుదురు?

ఇంగ్లీషువారి కాలమున త్రికోణమితి మన పొలములమీదికి వచ్చినది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసుచెంత సెయింట్ థామస్ మౌంటుకడ సుమారు ఏడున్నర మైళ్ల ఆధారరేఖను ఉక్కుగొలుసుతో కొలిపించి, ఆ ఒక్క రేఖనుండి త్రిభుజముపై త్రిభుజము కట్టుకొనుచు ముందుకు సాగెను. కొలచునది ఒక్క భుజము. తక్కిన భుజములన్నియు కోణముల సైన్లనుండి లెక్కించుటయే. కొండకొమ్మునుండి కొండకొమ్మునకు అర టన్ను బరువుగల థియొడొలైటును మోయించుట ఒక యెత్తు. రాత్రి గుడారమున కూర్చుండి లాగరిథముల పుస్తకము ముందుంచుకొని సమీకరణములు తీర్చుట మఱియొక యెత్తు. భూమి గుండ్రముగా నుండుటచేత పెద్ద త్రిభుజముల కోణములు కలిపిన 180 అంశల కంటె కొంచె మధికమగును. ఆ అధికమును వైశాల్యమునుండి లెక్కించి, మూడు కోణములకును సమముగా పంచి తీసివేయక సామాన్యసూత్రములు పనిచేయవు. 1794లో మద్రాసున నెలకొల్పిన సర్వేపాఠశాలలో తరిఫీదైన యువకులు ఈ పనికి వచ్చిరి. 1815లో బీదరుకడ మఱియొక ఆధారరేఖను కొలిచిరి. 1818లో జార్జి ఎవరెస్టు హైదరాబాదున లాంబ్టనుతో చేరి, మరుసటియేడు కృష్ణాగోదావరుల నడిమి అడవులలో త్రిభుజములు కట్టబోయి జ్వరముపాలయ్యెను. ఎవరెస్టుపేరు హిమాలయశిఖరమునకెక్కినది గాని, ఆయన తొలికొలతల చెమట ఓడ్చినది తెలుగుకొండలమీదనే.

సర్వే సంగతి అటుంచి మరల పాతగ్రంథములకు వత్తము. ఇప్పటివఱకు చెప్పిన మన గ్రంథములు చాలవఱకు సూత్రములు చెప్పి ఉపపత్తిని గురువుకు విడిచినవి. ఆ ఉపపత్తులనే పుస్తకముగా కూర్చినవాడు కేరళదేశమున 1530 ప్రాంతమున యుక్తిభాషను రచించిన జ్యేష్ఠదేవుడు. సంస్కృతమున శ్లోకములుగా గాక, మలయాళమున వచనముగా, ఎదుట కూర్చున్న శిష్యునికి చెప్పుచున్నట్లుగా ఆయన వ్రాసెను. గ్రంథముయొక్క లక్ష్యము గ్రహగతులు. అందుకు ద్వారము వృత్తము, జ్య. అయినను మొదటి అధ్యాయమున నున్నది కూడుట, తీసివేయుట, గుణించుట, భాగించుట, వర్గ ఘనములు, వాని మూలములు. రెండవ అధ్యాయమున పది ప్రశ్నలు. రెండు రాశులకు మొత్తము, భేదము, గుణలబ్ధము, వర్గముల మొత్తము, వర్గముల భేదము అని అయిదు విషయములు కలవు; అయిదింటిలో ఏ రెండు తెలిసినను ఆ రాశులను కనుగొనవలయును. అయిదింటినుండి రెండేసి ఏరుకొన్నచో పది జతలు. కావున పది ప్రశ్నలు. పిదప భిన్నములు, త్రైరాశికము, కుట్టకారము. అటుపిమ్మట గాని పరిధివ్యాసములు రావు.

ఈ కూర్పు యాదృచ్ఛికమని నేననుకొనను. వర్గముల మొత్తమును గుణలబ్ధమును తెలిసిన ప్రశ్ననే తీసికొందము. వర్గముల మొత్తము 25, గుణలబ్ధము 12. వర్గముల మొత్తమునకు గుణలబ్ధము రెట్టింపు కలిపిన 49, తీసివేసిన 1. మూలములు 7, 1. కలిపి సగము చేసిన 4, తీసివేసి సగము చేసిన 3. పిల్లలయాటవలె నున్నది. ఇప్పుడు ఆ 3, 4 సంఖ్యలను ఒక చాపముయొక్క జ్యగాను కోటిజ్యగాను, 5ను వ్యాసార్ధముగాను గ్రహింపుడు. వర్గముల మొత్తము వ్యాసార్ధవర్గము. జ్యాకోటిజ్యల గుణలబ్ధము రెట్టింపును వ్యాసార్ధముచేత భాగించినచో రెండింతల చాపముయొక్క జ్య వచ్చును. అనగా పెద్దచాపముయొక్క జ్య తెలిసినచో, అందు సగమైన చాపమునకు జ్యను కోటిజ్యను ఏకకాలమున రాబట్టు ప్రశ్నయే ఇది. రెండవ అధ్యాయమున ఆటగా నేర్చినది జ్యానయనమున పనిముట్టుగా చేతికి వచ్చుచున్నది. మఱచినవాడు అయిదధ్యాయములు వెనుకకు పోయి చూచుకొనవచ్చును, సిగ్గుపడవలసిన పనిలేదు.

జ్యేష్ఠదేవుడు వివరించినది ముఖ్యముగా ఆయనకు పూర్వుడగు సంగమగ్రామ మాధవుని సిద్ధాంతము. చాపమునుండి చాపఘనమును వ్యాసార్ధవర్గముచేతను 6చేతను భాగించి తీసివేసి, అయిదవఘాతమును తగినట్లు భాగించి కలిపి, ఏడవదానిని తీసివేసి, ఇట్లు కావలసినంత దూరము పోవచ్చునని మాధవుడు కనుగొనెను. సగము చేయుట, మూలములు తీయుట, మూడుభాగముల చిక్కు, ఇవేవియు లేవు. ఏ చాపమునకైనను జ్య నేరుగా వచ్చును. ఆర్యభటుని మొదటి జ్య 225 కలలు కాగా మాధవుని పట్టికలో 224 కలల 50 వికలల 22 తత్పరలు. ఇంతటి ఫలమునకు జ్యేష్ఠదేవుడిచ్చు ఉపపత్తిలో అక్కరకు వచ్చునవి సరూపత్రిభుజములు, వరుససంఖ్యల ఘాతముల మొత్తములు, ఒక సమీకరణము తనలోనికి తానే మరల చొచ్చుకొనిపోవునట్లు ప్రతిక్షేపించుట; మొదటి అధ్యాయములు చదివినవానికి ఇందులో తెలియని క్రియ యొక్కటియు లేదు.

చార్లెస్ విష్ అను ఇంగ్లీషు ఉద్యోగి 1834లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ సంచికలో ఈ గ్రంథమును గూర్చి పాశ్చాత్యులకు తెలిపినను నూఱేండ్లకు పైగా ఎవరును పట్టించుకొనలేదు. 1948లో త్రిచూరున రామవర్మ మరు తంపురానును అఖిలేశ్వరయ్యరును గణితభాగమును వ్యాఖ్యతో అచ్చొత్తించిరి. లోకము అబ్బురపడునది జ్యానయనాధ్యాయమును చూచియే యైనను, గ్రంథమున దాని స్థానము ఏడవది. పది ప్రశ్నలది రెండవది.